మందిరములో భయపడిన చిన్నవాడు

వాక్యభాగము: 1 సమూయేలు 2:12–26, 3:1–18



సమూయేలు కథను మన సండేస్కూలు పిల్లలందరు ఎరుగుదురు. రాత్రివేళ దేవుడు పేరుపెట్టి పిలిచెను. చిన్నవాడు లేచి ఏలీ యొద్దకు పరుగెత్తెను. మూడుమారులు అట్లు జరిగెను. ఇంతవరకు చెప్పి పాఠము ముగించుచున్నాము. ఆ రాత్రి దేవుడు వానితో చెప్పిన సంగతిని మాత్రము విడిచిపెట్టుచున్నాము. అది చిన్నపిల్లలకు తగిన మాట కాదని మన తలంపు. నిజమే, అది పెద్దలకు తగిన మాట. ఈ నెల దానినే ధ్యానింతము.

షిలోహులో ఏలీ కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసు యాజకులుగా నుండిరి. ప్రజలు తెచ్చిన బలిమాంసమును బలవంతముగా లాగుకొనుచుండిరి. మందిరపు గుమ్మమునొద్ద సేవచేయవచ్చిన స్త్రీలను చెరుపుచుండిరి. ఇది ఊరంతయు ఎరిగిన సంగతి. ఏలీ చెవిని కూడ పడెను. అతడు కుమారులను పిలిచి మందలించెను. కాని యాజకత్వమునుండి తొలగింపలేదు. మరునాడు వారు మరల ఆ బలిపీఠమునొద్దనే నిలిచిరి. దేవుడు ఏలీ మీద మోపిన నేరమేమి? తాను వ్యభిచరించెననియా? కాదు. తెలిసియుండియు అడ్డగింపలేదని.

1. కంచె చేను మేసినప్పుడు

ఇట్టి సంగతులు పాతనిబంధనతో ఆగిపోలేదు. 2002వ సంవత్సరములో అమెరికాలోని బోస్టన్ గ్లోబ్ అను పత్రిక రోమన్ కతోలిక సంఘములో జరిగిన ఘోరమును బయటపెట్టెను. పిల్లలను చెరిపిన ఫాదర్లను మేత్రాణులు పోలీసులకు అప్పగింపక, ఒక విచారణనుండి మరియొక విచారణకు మార్చుచు వచ్చిరి. క్రొత్త ఊరిలోని తలిదండ్రులకు ఏమియు తెలియదు. ఆ సంఘపు మేత్రాణులే కోరగా జాన్ జే కళాశాలవారు లెక్క తీసిరి. 1950 నుండి 2002 వరకు 4,392 మంది ఫాదర్ల మీద ఆరోపణలు వచ్చినట్లు 2004లో ప్రకటించిరి. ఆరోపించినవారు 10,667 మంది. వారిలో నూటికి 81 మంది మగవారు.

మన దేశములోను ఇది జరిగినది. కేరళలోని కొట్టియూరులో 2017వ సంవత్సరమున ఒక బాలిక బిడ్డను కనగా, మొదట ఆ బాలిక తండ్రియే నేరము తనదని చెప్పెను. తరువాత నిజము బయటపడెను. నేరము ఆ ఊరి ఫాదరుది. 2019లో కోర్టు అతనికి 20 సంవత్సరముల శిక్ష విధించెను; 2021లో హైకోర్టు దానిని 10 సంవత్సరములకు తగ్గించెను. ప్రియులారా, కన్నతండ్రి చేయని పాపమును నెత్తిని వేసికొనుటకు సిద్ధపడెనంటే, ఆ అంగీ ఎదుట అతని భయభక్తులు ఎంతటివో ఆలోచించుడి. మన తెలుగుదేశమునుండి అమెరికాలోని రాపిడ్ సిటీకి పరిచర్యకు వెళ్లిన ఒక ఫాదరు 13 ఏండ్ల బాలిక విషయములో 2018లో పట్టుబడి, నేరము ఒప్పుకొని, 2019లో శిక్షపొందెను. కంచె చేను మేయుట అనగా ఇదియే.

అయితే ఒక సంగతి మరువరాదు. ఆరోపణ వేరు, తీర్పు వేరు. జలంధరు మేత్రాణిగా నుండిన ఫ్రాంకో ములక్కల్‌గారి మీద ఒక సిస్టరుగారు 2018లో ఫిర్యాదు చేసిరి. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆయన నిర్దోషియని తీర్పు చెప్పెను. విచారణ లేకుండ ఎవరినైనను దోషియనుట అబద్ధసాక్ష్యము. విచారణే జరగనీయకపోవుట ఏలీ పాపము. ఈ రెంటిలో దేనిలోను మనము పడకూడదు.

2. ఇది పొరుగువారి కథ మాత్రమే కాదు

ఆర్.సి.యం. వారి గుడిలో ఇట్లు జరిగినదని మనలో కొందరు లోలోపల సంతోషించుట కలదు. వారి ఫాదర్లు పెండ్లి చేసికొనరు గనుక ఇట్లాయెను, మన పాదరులకు భార్యాబిడ్డలున్నారు గనుక మనకు భయము లేదు అని చెప్పుకొందురు. ఆ మాట నిలువదు.

అమెరికాలో సదరన్ బాప్టిస్టు సంఘములవారు పెండ్లియాడిన పాదరులు గలవారే. 2019లో హ్యూస్టన్ క్రానికల్ అను పత్రిక, ఇరువది సంవత్సరములలో ఆ సంఘములకు చెందిన సుమారు 380 మంది పాదరుల మీదను పరిచారకుల మీదను నేరారోపణలు వచ్చినవనియు, బాధితులు 700 మందికి పైగా నున్నారనియు ప్రకటించెను. ఏలూరుకు వచ్చి మన తాతలకు అక్షరములు నేర్పిన చర్చి మిషనరీ సొసైటీవారు ఏ సంఘమువారు? ఇంగ్లండు సంఘమువారు. ఆ సంఘములో జాన్ స్మిత్ అనువాడు క్రైస్తవ శిబిరములలో పరిచయమైన బాలురను క్రూరముగా హింసించెను. 1982లోనే కొందరు నాయకులు ఎరుగుదురు. పోలీసులకు చెప్పలేదు. వాడు ఆఫ్రికాకు వెళ్లి అక్కడను బాలురను హింసించెను. ఈ సంగతిలో తాను చేయవలసినది చేయలేదని తేలినందున కాంటర్బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీగారు 2024 నవంబరులో రాజీనామా ప్రకటించిరి.

హొఫ్నీ, ఫీనెహాసులలో ఫీనెహాసు పెండ్లియైనవాడే. అతని భార్య ఈకాబోదును కని మరణించిన సంగతి నాలుగవ అధ్యాయములో నున్నది. కాబట్టి పెండ్లి దీనికి మందు కాదు. బ్రహ్మచర్యము దీనికి మూలమును కాదు. అడిగేవాడు లేని అధికారమే మూలము. ఎవని మాటకు ఊరు ఎదురు చెప్పదో, ఎవని గదిలోనికి పెద్దలు తొంగిచూడరో, అతని చేతిలో పిల్లవాడు ఒంటరియగును.

3. నేరము ఒకరిది, నింద మరియొకరిది

బాధితులలో మగపిల్లలు అనేకులుండుట చూచి కొందరు, ఇదంతయు స్వలింగ సంపర్కుల పని అనిరి. వాట్సాపులో ఇట్టి మాటలు మన ఊళ్లకు కూడ వచ్చుచున్నవి. ఇది సత్యమేనా? అదే జాన్ జే కళాశాలవారు 2011లో మరియొక నివేదిక ఇచ్చిరి. అట్టి స్వభావము గల ఫాదర్లు తక్కినవారికంటె ఎక్కువగా పిల్లలను చెరిపిరి అనుటకు ఆధారము లేదని అందులో చెప్పిరి. మగపిల్లలే గుడిలో సాయము చేయుచు, ప్రయాణములలో వెంటనుండుచు, చేతికి అందుబాటులో నుండిరి. తోడేలు మంద అంచున దొరికిన గొఱ్ఱెపిల్లనే పట్టును. అది పోతా పెంటియా అని చూడదు. అమ్నోను తామారును చెరిపెను. ఏలీ కుమారులు స్త్రీలను చెరిపిరి. అంతమాత్రమున స్త్రీని ప్రేమించు పురుషులందరు అట్టివారే అని ఎవరైన అందురా?

వివాహము పురుషునికిని స్త్రీకిని దేవుడు నియమించినదని మన సంఘము బోధించుచున్నది. దానిని మార్చుటకు ఈ ధ్యానము వ్రాయలేదు. కాని మనము ఎరుగవలసినది మరియొకటి కలదు. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు, వయస్సు వచ్చినవారు ఇష్టపూర్వకముగా కలిసియుండుట నేరము కాదని తీర్పు చెప్పెను. 2023 అక్టోబరులో అట్టివారి వివాహమునకు చట్టపు గుర్తింపు ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. ఆ వ్యాజ్యములో ముందు నిలిచిన ఇద్దరు హైదరాబాదు నివాసులే. స్వలింగ స్వభావము నేరము కాదని పోపు ఫ్రాన్సిస్‌గారు కూడ 2023 జనవరిలో చెప్పిరి. పెద్దవారిద్దరి సంగతి ఒకటి. పెద్దవాడు పసివానిని చెరుపుట వేరొకటి. ఈ రెంటిని ఒక్క మూటగా కట్టువాడు నిర్దోషులను నిందించి, దోషికి చాటు కల్పించుచున్నాడు.

సొదొమ ఊరివారు చేయదలచినది, ఇంటికి వచ్చిన అతిథుల మీద గుంపుగా బలాత్కారము. యెహెజ్కేలు 16వ అధ్యాయములో దేవుడు ఆ ఊరి దోషములను చెప్పునప్పుడు, గర్వమును, కడుపునిండ తిని బీదలను ఆదుకొనకపోవుటను ముందు చెప్పెను. రోమా పత్రిక మొదటి అధ్యాయము ఎత్తి ఇతరులకు చూపువారు రెండవ అధ్యాయము మొదటి వచనము కూడ చదువవలెను. అచ్చట అపొస్తలుడు వ్రేలు తిప్పి, తీర్పుతీర్చు మనవైపే చూపుచున్నాడు.

4. ఎగతాళి పిల్లవాని నోరు మూయును

ప్రియులారా, నా భారమంతయు ఈ మాట మీదనే యున్నది. మన రచ్చబండలమీద, పడవరేవులలో, నడక కొంచెము మెత్తనైన కుఱ్ఱవానిని చూచి ఏమేమి పేర్లు పెట్టి నవ్వుచున్నామో మీరెరుగుదురు. గుడి మెట్లమీద కూడ నవ్వుచున్నాము. ఆ నవ్వును ప్రక్కన నిలిచిన మరియొక పిల్లవాడు వినుచున్నాడు. వానిమీద ఏ పెద్దవాడో చేయివేసియున్నాడు. వాడు చెప్పునా? చెప్పినచో ఆ పేరు తనకే తగిలింతురని భయపడును. ఇట్లు మన ఎగతాళి దుర్మార్గుని తలుపుకు గడియ వేయుచున్నది.

మగపిల్లవానికేమి భయము అనుకొందుము. 2007లో కేంద్రప్రభుత్వము 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగి తెలిసికొనెను. వానిలో మన ఆంధ్రప్రదేశ్ కూడ నున్నది. ఏదో ఒక విధమైన లైంగిక వేధింపు జరిగినదని సగముకంటె ఎక్కువమంది చెప్పిరి. అట్లు చెప్పినవారిలోను సగముకంటె ఎక్కువమంది మగపిల్లలే. ఆడపిల్లను కాచుట మనకు తెలియును. మగపిల్లవానిని కూడ కాయవలెనని తెలియదు.

కొల్లేటి లంక గ్రామములనుండి, చేపల చెరువుల గట్లమీద కాపలా గుడిసెలనుండి, ఎందరో తలిదండ్రులు పిల్లలను ఏలూరులోను తాడేపల్లిగూడెములోను హాస్టళ్లలో చేర్చుచున్నారు. హన్నా సమూయేలును విడిచినట్లే, దేవునివారు చూచుకొందురని నమ్మి విడుచుచున్నారు. చేపల రైతులారా, తెల్లవారుజామున చేపలు నీటిపైకి తేలి నోరు తెరచినచో మీరేమి చేయుదురు? తెల్లవారనిమ్మని పండుకొందురా? నీటిలో ఊపిరి తక్కువైనదని ఎరిగి పరుగెత్తుదురు కదా! సెలవులకు వచ్చిన పిల్లవాడు మరల వెళ్లనని ఏడ్చినచో, ఉన్నట్టుండి మాట మానినచో, పక్క తడిపినచో, ఒకానొక మనిషి పేరు చెప్పగానే బెదరినచో, అది కూడ అట్టి గురుతు కావచ్చును. చదువు ఎగ్గొట్టుటకే అని కొట్టి పంపకుడి. దగ్గర కూర్చుండి అడుగుడి.

5. ఏలీ చేసిన ఒక్క మంచిపని

ఆ రాత్రి సంగతి విన్న సమూయేలు తెల్లవారు వరకు పండుకొనియుండి, లేచి మందిరపు తలుపులు తీసెను. రోజూ చేయు పనియే చేసెను. పెద్దాయనకు చెప్పుటకు భయపడెను. మందిరములో వాక్యము తెలిసిన చిన్నవాడు మందిరపు పెద్దకే భయపడెను! అప్పుడు ఏలీ తానే వానిని పిలిచి, బిడ్డా అని సంబోధించి, ఏమియు దాచవద్దని అడిగెను. తన ఇంటిమీదికి వచ్చు తీర్పునే ఆ చిన్న నోటినుండి విని, ఇది దేవుని మాటయే అని ఒప్పుకొనెను. వానిని కొట్టలేదు, అబద్ధికుడనలేదు. ఆ ముసలివాని జీవితములో మనము నేర్చుకొనవలసిన పాఠము ఇదియే.

సంఘ పెద్దలారా, ఇట్టి సంగతి మీ యొద్దకు వచ్చినచో పంచాయితీ పెట్టకుడి. డబ్బు ఇప్పించి రాజీ చేయకుడి. పాదరును వేరొక ఊరికి మార్చి చేతులు కడుగుకొనకుడి. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లలోపు వారందరు పిల్లలే. ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను ఒక్కటే. తెలిసినవారు పోలీసులకు చెప్పితీరవలెను. సంస్థ పెద్దయైయుండి దాచినవానికి ఒక సంవత్సరము వరకు జైలు కలదు. పిల్లవాని వాంగ్మూలమును వాని ఇంటిలోగాని వాడు కోరిన చోటగాని, పోలీసు దుస్తులు లేకుండ వ్రాసికొనవలెను. వాని పేరు పత్రికలలో రాకూడదు. 1098 అను నంబరుకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. మన గుడిలోను, హాస్టలులోను, పాదరైనను ఉపదేశియైనను వార్డెనైనను పిల్లవానితో మూసిన గదిలో ఒంటరిగా నుండకూడదని నియమము పెట్టుడి. నన్ను కూడ కలిపియే చెప్పుచున్నాను. మంచి కాపరికి ఆ నియమము భారము కాదు.

పెద్దలు వినుటకు కూర్చుండినప్పుడే చిన్నవాడు నోరు తెరచును. మీ ఇంట సమూయేలు ఉన్నాడేమో ఈ రాత్రియే అడిగి చూడుడి.

ప్రార్థన: చిన్నబిడ్డలను దగ్గరకు తీసిన ప్రభువా, మా గుడులలో భయముతో పండుకొను ప్రతి పిల్లవానిని జ్ఞాపకము చేసికొనుము. మా నాలుకలనుండి ఎగతాళిని తీసివేయుము. విను చెవిని, దాచని ధైర్యమును మా పెద్దలకు దయచేయుము. గాయపడినవారిని బాగుచేయుము. యేసునామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.