పాపంలో వాటా ఎవరిది?

రత్నాకరుడి కథ మనందరికీ తెలిసిందే. దారి దోపిడీ చేసి ఇల్లు గడిపేవాడు. నారదుడు ఆయన్ని ఒకటే అడిగాడు: "నువ్వు తెచ్చింది తినేవాళ్ళు నీ పాపంలో వాటా తీసుకుంటారా?" ఇంటికెళ్ళి అడిగితే అందరూ కుదరదన్నారు. పోషించడం నీ బాధ్యత, ఎలా తెచ్చావో మాకనవసరం అన్నారు. ఆయన వాల్మీకి అయ్యే దారి అక్కడే మొదలైంది.

ఈ కథలో మనం ఎప్పుడూ రత్నాకరుడినే చూస్తాం. ఈసారి ఆ ఇంట్లోవాళ్ళని చూద్దాం.

చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరు దగ్గర కొసస్థలైయార్ నది సముద్రంలో కలుస్తుంది. మన నగరి నది నీళ్ళు కూడా ఇందులోకే చేరతాయి. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటు కాబట్టి రొయ్యలకి, పీతలకి, చేపపిల్లలకి అది పుట్టిల్లు. పక్కనే నార్త్ చెన్నై థర్మల్ పవర్ స్టేషన్. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదని నీళ్ళలో కలిపి, పైపుల్లో బూడిద చెరువుకి పంపిస్తారు. ఆ పైపులు ఏళ్ళ తరబడి లీకయ్యాయి. బూడిద పేరుకుని నీటి లోతు తగ్గింది, వేట పడిపోయింది.

అక్కడి మత్స్యకారులు ఊరుకోలేదు. 2016లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. బాధ్యత విద్యుత్ సంస్థదేనని తీర్పు వచ్చేసరికి 2022 జూలై అయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు ఆయిల్ వచ్చి అవే నీళ్ళ మీద పరుచుకుంటే, బకెట్లతో తోడింది కూడా వాళ్ళే.

మరి ఆ కరెంటుతో ఏసీలు వేసుకున్నది ఎవరు? చెన్నైలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్ళు కూడా. "బిల్లు కట్టాం కదా, తప్పు కంపెనీది" అంటాం. లాజిక్ కరెక్టే. రత్నాకరుడి భార్య లాజిక్ కూడా కరెక్టే! ఆవిడ ఎవరినీ దోచుకోలేదు. కానీ భర్త వచ్చి అడిగేదాకా అది తెలియనితనం అనుకోవచ్చు. అడిగాక కూడా "మాకనవసరం" అంటే, అది ఆవిడ ఎంచుకున్నదే.

ఎవరి కర్మ వాళ్ళదే అని పెద్దలు చెప్తారు, నిజమే. ఇంకొకరి పాపాన్ని మనం మోయలేం. కానీ ఋణం సంగతి వేరు. పాపం చేసినవాడిది, ఋణం అనుభవించినవాడిది. అందుకే గృహస్థుకి పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం కూడా పెట్టారు. మన బతుకు ఎన్ని ప్రాణుల మీద ఆధారపడి ఉందో రోజూ గుర్తుచేసుకుని, వాటి భాగం వాటికి ఇవ్వడం అది.

గిల్టీగా ఫీలవ్వమని కాదు. గిల్ట్ వల్ల ఏ నదీ బాగుపడదు. మన అపార్ట్‌మెంట్ మురుగునీరు ఎటు పోతోంది? ఎస్‌టీపీ నిజంగా నడుస్తోందా, కాగితాల మీదేనా? వచ్చే అసోసియేషన్ మీటింగ్‌లో ఈ రెండు ప్రశ్నలు అడగండి. నదికి హారతి ఇచ్చే చేతులతో ఆ మాత్రం ఋణం తీర్చలేమా?

జై శ్రీమన్నారాయణ.