వాసన తెగిన చోట

చార్మినార్ నుంచి పత్తర్‌గట్టీ వైపు నడిస్తే అత్తరు దుకాణాలు ఎదురవుతాయి. ముంజేతి మీద ఒక చుక్క రాసి వాసన చూడమంటారు. ఖస్, గులాబ్, ఊద్. దూదికి అత్తరు అద్ది చెవి మడతలో పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. ఇక్కడ వాసన అంటే ఇష్టం, పండగ, నమాజుకు ముందటి శుభ్రం. అది లేకపోయినా బతుకు ఆగదు. సముద్రంలో అలా కాదు. తిండి ఎటుందో, శత్రువు ఎటుందో, జత ఎటుందో అక్కడ చాలా జీవులకు చెప్పేది వాసనే.

ఆ సముద్రం మన పొగను మింగుతోంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు నాలుగో వంతు నీటిలో కలిసి ఆమ్లమవుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గరున్న ఉపరితల జలాల పీహెచ్ 8.1కి దిగింది. అంకె చిన్నదే, కానీ హైడ్రోజన్ అయాన్లు దాదాపు 30 శాతం పెరిగితేనే అంత దిగుతుంది. పాతబస్తీని ఒరుసుకుని పారే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి కడలి దారి పడుతుంది. మన బళ్ల పొగకు ఆ దారి కూడా అక్కర్లేదు.

వాసన అణువు గ్రాహకంలో సరిగ్గా ఇమిడితేనే వాసన తెలుస్తుంది. తల్లి పీతలు గుడ్లకు నీరు ఆడించేలా చేసే సంకేత అణువులు ఆమ్లత పెరిగిన నీటిలో ఆకారమే మార్చుకుంటాయని 2016లో ఇంగ్లండ్ పరిశోధకులు చూపారు. ఈ శతాబ్దం చివరికి రాగలదనుకునే స్థాయి కార్బన్ డయాక్సైడు ఉన్న నీటిలో సీబాస్ చేపలను ఉంచి చూస్తే, వాసన పట్టడానికి అవి 42 శాతం దాకా దగ్గరికి రావలసి వచ్చిందని 2018లో తేలింది. క్లౌన్‌ఫిష్ పిల్లలు దూరంగా ఉండాల్సిన వాసనల వైపే వెళ్తున్నాయని 2009లో చెప్పారు. పగడపు దిబ్బల చేపల మీద అలాంటి ప్రయోగాలే మళ్లీ చేసినవారికి 2020లో ఆ ప్రభావం కనబడలేదు. ఈ తగవు నాకు మంచిదనే అనిపిస్తుంది. చేప తరఫున మాట్లాడేటప్పుడు కూడా మనిషి తొందరపడకూడదు కదా.

కానీ ఒక ప్రశ్న నన్ను వదలదు. కోవిడ్ రోజుల్లో వాసన పోయినవాళ్లకు పోయిందని తెలిసింది. చేతిలో మల్లెలున్నాయి, పరిమళం లేదు. ఆ వెలితిని చెప్పుకోవడానికి జ్ఞాపకం ఉంది, మాట ఉంది. వాసన మందగించిన నీటిలోనే పుట్టిన చేపకు ఏది పోయిందని తెలుస్తుంది? అది ఇటు తిరగాల్సిన చోట అటు తిరుగుతుంది, అంతే. పోగొట్టుకున్నవారికే తెలియని నష్టం నష్టం కాదా? అవుననే నా నమ్మకం. బాధ తెలిస్తేనే అన్యాయమైతే, పసిపిల్లలకు జరిగేవాటిలో సగం లెక్కలోకి రావు.

ఈ నగరంలోనే, ప్రగతినగర్‌లో, 1999లో ఏర్పడిన సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. ఉపగ్రహాలు చూపే నీటి వేడినీ పత్రహరితాన్నీ బట్టి చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు చెబుతుంది. గొప్ప సాయం అది. ఆ చేపకు తన తిండి ఎక్కడుందో ఇంకా తెలుస్తోందా అని అడగాల్సిన బాధ్యత మాత్రం ఎవరిది?