కారణం వేరు, దోషం వేరు



మొన్న ఆదివారం పూజ ముగిశాక ఒక అత్తగారు కోడలిని వెంటబెట్టుకొని వచ్చారు. "మూడుసార్లు కడుపు పోయింది ఫాదరు గారూ, దీని తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించండి" అన్నారు. అబ్బాయి రాలేదేమని అడిగాను. "వాడికే లోపమూ లేదండి. కౌంటు బాగుందని రిపోర్టు కూడా ఉంది!" కోడలు తలెత్తలేదు.

ఆ రిపోర్టు అబద్ధం కాదు. అయితే అది చెప్పేది వీర్యకణాలు ఎన్ని, వాటి కదలిక, ఆకారం ఎలా ఉన్నాయన్నంత వరకే. కణం తలలో బిగించి చుట్టిన డి.ఎన్.ఎ. పోగులు తెగాయో లేదో అందులో కనబడదు. పొగతాగడం, వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం, అధిక వేడి, పైబడిన వయసు ఆ పోగులను దెబ్బతీయగలవు. పూర్తిగా తయారైన వీర్యకణం తన గాయాన్ని తాను మాన్పుకోలేదు. కొంతవరకు బాగుచేసేది తల్లి అండమే! గాయం పెద్దదైతే అదీ చాలదు. ఈ నష్టానికీ పదేపదే జరిగే గర్భస్రావాలకూ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వీర్యపరీక్షల గ్రంథం ఆరవ కూర్పులో దీని పరీక్షను వివరించింది, అందరికీ చేసే మామూలు పరీక్షగా మాత్రం కాదు.

సెమినరీలో మేము అరిస్టాటిల్‌ను చదివాము. బిడ్డకు తండ్రి రూపాన్నిస్తాడు, తల్లి పదార్థాన్నిస్తుంది అన్నాడాయన. పునీత తోమాసు అక్వినాసు వారూ ఆనాటి ఆ శాస్త్రాన్నే అంగీకరించారు. మన ఊళ్లలో విత్తనం, పొలం అనే పోలిక కూడా అదే గదా! విచిత్రమేమంటే, విత్తనమే సర్వమన్నవారు పంట రాకపోతే పొలాన్ని తిడతారు. మా విచారణలో ఏ రైతూ ఇలా చేయడు.

మరి తప్పంతా భర్తమీద వేద్దామా? వద్దు. ఎన్నో గర్భస్రావాలు పిండంలో క్రోమోజోములు యాదృచ్ఛికంగా తప్పడంవల్ల జరుగుతాయి. వాటికి ఎవరూ బాధ్యులు కారు. పాపానికి తెలివి, సమ్మతి రెండూ ఉండాలి. తనకు తెలియని గాయానికి అతడు కారణం కావచ్చునేమో గాని దోషి కాడు. కాని తెలుసుకొనే వీలుండీ, భార్య నిందలు పడుతుంటే రిపోర్టు చాటున దాక్కున్నవాడి సంగతి వేరు. ఆ అజ్ఞానం అతడు కోరి తెచ్చుకున్నది.

వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఆమె తొమ్మిది నెలలు మోయడానికి సిద్ధపడితే, అతడు ఆ కొద్దికాలం సిగరెట్టు మానలేడా?

ఆ రోజు ప్రార్థన చేశాను. వచ్చే ఆదివారం అబ్బాయినీ తీసుకురండి, ఇద్దరి తలలమీదా చెయ్యి ఉంచుతానన్నాను. అత్తగారికి ఆ మాట అంతగా రుచించలేదు.