పరమాణు శిల్పము - ఆధార కూర్మము

శ్రీకాకుళమునకు అనతిదూరమున వెలసిన శ్రీకూర్మనాథుని సేవించు యాత్రికులకు క్షీరసాగర మథన వృత్తాంతము సుపరిచితము. కవ్వముగా మందరగిరి, త్రాడుగా వాసుకి, త్రచ్చుటకు దేవదానవులు - అన్నియు సమకూరినవి. అయినను పర్వతము నిలువక క్రుంగిపోయెను. లోపించినది బలము కాదు, పనిముట్టును కాదు. అడుగున నిలుకడగల ఆధారము. స్వామి కచ్ఛపరూపమున దానిని వీపున ధరించిన పిమ్మటనే మథనము సాగినది. పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చి కోరిన వస్తువును నిర్మించు సూక్ష్మయంత్రములు సాధ్యములా అని నేడు విచారించువారికిని ఈ ఆధారము మాటయే ముందుగా ఎదురగుచున్నది.

అట్టి పేర్పును ప్రకృతి నియమములేవియు నిషేధింపవని 1959 డిసెంబరు 29న అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఉపన్యసించెను. 1989లో డొనాల్డ్ ఐగ్లర్ 35 క్సెనాన్ పరమాణువులను నికెల్ ఫలకముపై జరిపి, తాను పనిచేయు ఐ.బి.ఎం. సంస్థ పేరును వ్రాసి చూపెను. అయితే అందుకు ఆ ఫలకమును సున్నకు దిగువ 269 డిగ్రీల వరకు చల్లార్పవలసి వచ్చినది. వేడిమి యనగా అణువుల చాంచల్యమే గదా! అది అణగనిదే పరమాణువు పెట్టినచోట నిలువదు.

చేయి కూడ చిక్కే. 1986లో ఎరిక్ డ్రెక్స్‌లర్ తన గ్రంథమున ఇట్టి నిర్మాణ యంత్రములను ఊహింపగా, రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన రిచర్డ్ స్మాలీ దానిని ఖండించెను. ఆ యంత్రపు వ్రేళ్ళును పరమాణువులతో చేసినవే గనుక అవి మిక్కిలి లావు. పైగా పట్టుకొన్న పరమాణువు వ్రేలిని అంటుకొని వదలదు. 2003లో ప్రకటితమైన వారి వాదప్రతివాదములలో డ్రెక్స్‌లర్, తన యంత్రములకు వ్రేళ్ళతో పనిలేదని బదులు చెప్పెను.

ఇక కాలము లెక్క చూడుడు. పండ్రెండు గ్రాముల బొగ్గులో 6 తరువాత 23 సున్నలు పెట్టినన్ని పరమాణువులుండును. సెకనుకు పదిలక్షల చొప్పున పేర్చినను ఒక్క యంత్రమునకు ఇంచుమించు 1,900 కోట్ల సంవత్సరములు పట్టును. బ్రహ్మదేవుని పగలు 432 కోట్ల వత్సరములు. అట్టి పగళ్ళు నాలుగు గడచినను పిడికెడు బొగ్గు పూర్తి కాదు! కాబట్టి యంత్రము తనవంటి యంత్రములను తానే కనవలెనను ఆలోచన పుట్టినది.

ఇట్టివి లోకమున లేకపోలేదు. పొందూరు స్త్రీలు వాలుగచేప దవడతో దువ్వి వడకిన నూరవ నంబరు నూలులో ఒక్క గ్రాము దూది దాదాపు 170 మీటర్ల పోగగును. ఆ నేర్పునకు లోకము చేతులెత్తి మ్రొక్కుట న్యాయమే. కాని వారి చేతికి దూది రాకముందే, ప్రత్తికాయలోని ప్రతి పోగునందును సూక్ష్మయంత్రములు చక్కెర అణువులను వేలకొలదిగా ఒకదాని వెనుక నొకటి గ్రుచ్చియున్నవి. అవి గడ్డకట్టిన చలిలో గాక, తడిలో, వెచ్చదనములో, ఆ చాంచల్యమునే ఆసరాగా గొని పనిచేయును. కనుక అసాధ్యమనుట సాహసమే. మానవుడు కోరినట్లు కోరిన పదార్థమునెల్ల అట్లు పేర్పగలడనుట మాత్రము ఇంకను ఋజువు కాలేదు.

సాధ్యమైనచో సృష్టికర్త స్థానమునకు లోటు వచ్చునా యని కొందరు భక్తులు కలత చెందుదురు. అక్కరలేదు. శ్రీభాష్యమున భగవద్రామానుజులు పరమాణుకారణ వాదమును పరీక్షించిరి. భాగములు లేనివి ఎన్ని కలిసినను ఒక్కదానికన్న పెద్దవి కానేరవను ఆక్షేపము నేటి పరమాణువునకు తగులదు, దానికి భాగములున్నవి. కాని జడములకు తొలి కదలిక నిచ్చినదెవరను ప్రశ్న అట్లే యున్నది. కార్యమనగా కారణము పొందిన వేరొక అవస్థయే యనునది వారి సిద్ధాంతము. మట్టి కుండయైనట్లు, బొగ్గు వజ్రమైనను అది అవస్థాభేదమే గాని నూతనసృష్టి కాదు.

కలత చెందవలసినచోటు వేరు. తమంతట తామే పెరుగు యంత్రములు అదుపు తప్పునేమోయని 1986లో హెచ్చరించినవాడును డ్రెక్స్‌లరే. నిర్మాణమునకు అట్టి స్వయంవృద్ధి యంత్రములు అవసరమే లేదని 2004లో తెల్పినవాడును ఆయనయే. అవసరము లేనిదానిని ఎవరును చేయరని నమ్ముటెట్లు? చేసినచో కర్త ఎవరు, ఫలభోక్త ఎవరు? మథనమున ముందుగా పుట్టినది హాలాహలము; దానిని మ్రింగువారెవరని త్రచ్చినవారు ముందుగా అనుకొనలేదు. ప్రత్తికాయలోని యంత్రములకైతే హద్దు కలదు: కాయ పగులునాటికి పోగు ఎండును, వాని పని ముగియును.