అడిగిందని పెట్టడమే కరుణా?

 

షుగర్ అంటే తెలియని ఇల్లు మనలో ఉండదు. బాబాసాహెబ్ కూడా చివరి ఏళ్లలో ఆ జబ్బుతోనే పోరాడారు. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం మా ఇంటి పిల్లి సంగతి. నవ్వకండి. దాని గిన్నె దగ్గరే నాకో చిక్కు ప్రశ్న ఎదురైంది.

మాది వన్ టౌన్, వించిపేట. పదేళ్ల గండుపిల్లి. పాలన్నం, పెరుగన్నం తిని బొద్దుగా ఉండేది. మొన్న ఎండాకాలంలో గిన్నెలకొద్దీ నీళ్లు తాగడం, పదేపదే ఉచ్చ పోయడం, ఎంత తిన్నా చిక్కిపోవడం. వెనక కాళ్లు మడమల దాకా నేలకి ఆనించి నడిచేది. పశువుల డాక్టరు రక్తం చూసి షుగర్ అన్నారు. రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో ఇన్సులిన్. అన్నం, పాలు బంద్. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి కాబట్టి మాంసకృత్తులు ఎక్కువున్న మేత పెట్టమన్నారు. అదీ ఒక్కసారిగా కాదు, మెల్లగా మార్చాలి. పస్తు అసలే పెట్టొద్దు, లావుపాటి పిల్లి కొన్ని రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుంది. నీళ్లు మాత్రం తాగినన్ని.

చిక్కు మా అమ్మతో వచ్చింది. "నోరులేని జీవి రా, అడుగుతుంటే లేదని ఎట్టా అంటాం?" అని మాకు తెలీకుండా పాలన్నం కలిపి పెట్టేసేది. నేను కోప్పడ్డాను. తర్వాత సిగ్గుపడ్డాను. మా అమ్మ చిన్నప్పుడు దివిసీమలో కామందు గుమ్మం ముందు గిన్నె పట్టుకు నిలబడి "లేదు పో" అనిపించుకున్న మనిషి. ఆకలి తెలిసిన ఇళ్లు మనవి. అడిగినవాళ్లకి లేదనకపోవడమే మనం నేర్చుకున్న మొదటి మంచి. ఆ మనిషికి "పెట్టొద్దు" అని ఏ నోటితో చెప్పను?

విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువుని బుద్ధుడు, ఆనందుడు కలిసి స్వయంగా కడిగిన ఘట్టం వినయపిటకంలో ఉంది, మీరూ వినే ఉంటారు. రోగికి సేవ చేసేవాడు ఎలా ఉండాలో కూడా అక్కడే చెప్పారు. అసహ్యపడకూడదు, లాభం ఆశించకుండా మైత్రితో చేయాలి. ఇవి మనకి గుర్తుంటాయి. రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలిసి, పడనిదాన్ని దూరం పెట్టాలన్న మాటని మాత్రం దాటేస్తాం. బాబాసాహెబ్ కరుణ పక్కనే ప్రజ్ఞని పెట్టింది ఇందుకేనేమో.

కామందు లేదని తలుపేసుకున్నాడు. మనం లేదని చెప్పాక కూడా ఆ గిన్నె పక్కనే కూర్చోవాలి, పడేదేదో తెచ్చి పెట్టాలి, అరుపులు భరించాలి. అమ్మతో ఇదే అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

ఇంత చెప్పిన నేనే ఒక పొద్దున డ్యూటీ తొందరలో అది తిన్నదో లేదో చూడకుండా సూది వేసి వెళ్లిపోయాను. తినకపోతే సూది వేసే ముందు తనని అడగమని డాక్టరు మరీ మరీ చెప్పారు. కాసేపటికి అది తూలి పడింది. చూసింది అమ్మే. చిగుళ్లకి పంచదార పాకం రాసి, ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తింది. ప్రజ్ఞ నాదనుకున్నాను, కాపలా ఆవిడది.

"మనుషులకే మందుల్లేవు, పిల్లికి ఇన్సులినా?" అన్నారు పక్కింటాయన. న్యాయమైన ప్రశ్నే. పిల్లల ఫీజు ఆపి పిల్లికి పెట్టమని నేనెవరికీ చెప్పను. అయితే 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ కరుణ మనుషుల మీద ప్రేమ, మైత్రి సకల ప్రాణుల మీద ప్రేమ అని విడదీసి చెప్పారు. బుద్ధుడు కరుణ దగ్గరే ఆగలేదన్నారు. మేం ఆదివారం బిర్యానీ మానుకున్నాం, అంతే.

తొందరగా వైద్యం మొదలైతే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరమే తప్పిపోవచ్చట. మాకింకా ఆ రోజు రాలేదు. ఇప్పుడు మేత పెట్టేది అమ్మే. ఆవిడకి చదువు రాదు, తిన్న పూటకి క్యాలెండర్‌లో గీత, తినని పూటకి సున్నా. ఆ గీత చూశాకే నేను సిరంజి తీస్తాను. గిన్నె ఖాళీ అయ్యాక అది ఇంకా అరుస్తుంటే, వీపు మీద చెయ్యేసి "అయిపోయింది నాయనా" అంటుంది, అది పడుకునేదాకా.