చెడ్డ నేల యేది?

చలిదేశములలో ఐరిస్ అను పూలమొక్క కలదు. దానిలో పేరుగాంచిన రకముల దుంప నీరు నిలిచిన నేలలో కుళ్లిపోవును. చలి చాలనిచోట సరిగా పూయదు. మన కొల్లేటి తామరకును దుంపయే గదా! అది బురదలోనే బ్రదుకును. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసిన వెంకట్రామన్నగూడెము తాడేపల్లిగూడెము చెంతనే యున్నది. ఆ ప్రాంతపు మెట్టనేలలో మామిడి చక్కగా కాయును. తామరను నాటిన ఎండిపోవును. వీటిలో చెడ్డ నేల యేది?

విత్తువాని ఉపమానము మన హృదయమును మనము పరీక్షించుకొనుటకే గాని, పొరుగువానిని రాతినేల యనుటకు కాదు. మెట్టనుండి కొల్లేటి లంకకు కోడలు వచ్చును. నెల తిరుగకమునుపే పనికిమాలినదందుము. నాటిన నారు వాడినయెడల మాత్రము నీరు చూతుము, నీడ చూతుము, నారును తిట్టము. "అమ్మా, ఇక్కడి నీళ్లు నీకు పడినవా?" అని ఆ బిడ్డను మీలో ఎవరైన అడిగితిరా?