ఊ కొట్టే పాఠకుడు: పాఠకాభిప్రాయం, రచయిత నైతిక బాధ్యత – ఆస్పరి ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం

తెలుగునాట కథ చెప్పేవారు వినేవారిని ముందుగా కోరేది ఊ కొట్టమని. ఆ ఊ ఆగితే కథ కూడా ఆగుతుంది. వినేవారు నిద్రపోయారో, కథ నచ్చలేదో చెప్పేవారికి అప్పటికప్పుడే తెలుస్తుంది. అచ్చయిన పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. పాఠకుడు ఏ మాట దగ్గర ఆగాడో, ఏ మాటకు నొచ్చుకున్నాడో రచయితకు కనిపించదు. పాఠకుడు రాసే ఉత్తరం, చేసే సమీక్ష, సభలో చెప్పే నాలుగు మాటలు ఆ ఊ లేని లోటును తీరుస్తాయి. పాఠకాభిప్రాయం రచయితకు ఎందుకు ముఖ్యమంటే కీర్తి కోసమనీ, పుస్తకాల అమ్మకం కోసమనీ సమాధానాలు సులభంగా దొరుకుతాయి. అవి అబద్ధాలు కావు గాని, చాలవు. ఇతరుల జీవితం గురించి రచయిత చెప్పినదాన్ని సరిచూసే సాక్ష్యం పాఠకుడి దగ్గర ఉంటుంది కనుక ఇది ప్రధానంగా నైతిక ప్రశ్న. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆస్పరి ప్రాంతం ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

భావయిత్రి ప్రతిభ

రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా విభజించాడు. మొదటిది కవికి, రెండవది భావకుడికి ఉపకరిస్తుంది. చదివి గ్రహించడానికి కూడా ప్రతిభ కావాలన్నది ఇందులోని ముఖ్యాంశం. ఆయన భావకులను నాలుగు విధాలుగా చెప్పాడు. ఏదీ రుచించనివారు అరోచకులు. గడ్డితో సహా అంతా ఆరగించేవారు సతృణాభ్యవహారులు. గుణం కనిపించినా ఒప్పుకోనివారు మత్సరులు. రచనలోని తత్త్వాన్ని వెదికేవారు తత్త్వాభినివేశులు. మొదటి మూడు రకాల వారి అభిప్రాయం వారి స్వభావాన్నే తెలుపుతుంది. నాలుగవ రకం వారి అభిప్రాయం రచనను గురించి తెలుపుతుంది. రచయితకు కావలసింది అదే.

ఆధునిక సాహిత్యంలోనూ ఈ అవసరం కనిపిస్తుంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’పై కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి చేసిన తీవ్ర విమర్శ తెలుగు నవలా విమర్శకు తొలినాళ్ల ఉదాహరణ. గురజాడ 1897లో ప్రచురించిన ‘కన్యాశుల్కం’ 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా మారింది. ఆ మార్పులన్నిటికీ పాఠకులే కారణమనడం సాహసమవుతుంది. అయితే అచ్చయినంత మాత్రాన రచన ముగిసిపోదని, రచయిత దాన్ని మళ్లీ తూచుకోగలడని ఆ రెండు కూర్పులు చూపుతున్నాయి.

సుగ్గి: ఒక మాట, ఇద్దరు పాఠకులు

ఆస్పరి ఆదోని, గుంతకల్లుల మధ్య రైలు మార్గంలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడివడి కర్నూలు జిల్లాలో చేరాయి. సరిహద్దు మారినా ఇక్కడి తెలుగులో కన్నడ పలుకుబడి నిలిచింది. వానమీద ఆధారపడిన సేద్యం ఇక్కడిది. పంట చేతికి రాని ఏడు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు వలసపోతాయి. దీన్నే ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, ఆ కాలపు పండుగ. ఇక్కడ ఆ మాట పరాయి పొలంలో పంట కోసి బతకడాన్ని సూచిస్తుంది.

ఈ మాటతో ఒక కథ వచ్చిందనుకుందాం. దూరప్రాంత పాఠకుడికి అది అర్థం తెలియని మాండలిక పదం. నిఘంటువు చూసినవాడికి పండుగ. తాళం వేసిన ఇళ్ల వరుసను, కాపలాగా మిగిలిన ముసలివారిని, బడి మధ్యలో మానిన పిల్లలను చూసిన ఆస్పరి పాఠకుడికి అది వేరే అనుభవం. కథలోని వలస కూలీ కేవలం జాలిగొలిపే బొమ్మగా మిగిలితే దాన్ని సరిదిద్దగలిగినవాడు ఆ పాఠకుడే. సుగ్గిలో కూలి బేరమాడామని, నవ్వుకున్నామని, తెచ్చిన డబ్బుతో అప్పు తీర్చామని అతడు చెప్పగలడు. శైలి బాగుందని పదిమంది మెచ్చుకున్నా ఈ ఒక్క మాటతో అవి సాటిరావు.

మౌనం అంగీకారమా?

చిక్కు ఇక్కడే ఉంది. సుగ్గికి పోయేవారిలో చాలామందికి పుస్తకం అందదు, కొందరికి చదువే అందలేదు. వారి గురించి రాసిన కథకు వారి నుంచి ఎదురుమాట రాదు. ఆ మౌనాన్ని రచయిత అంగీకారంగా భావిస్తే అది అన్యాయం. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ కలిపి కృషి చేయడంలోని ఔచిత్యం ఈ సందర్భంలో స్పష్టమవుతుంది. పుస్తకాన్ని ఊరికి చేర్చడం ఒక పని, దాన్ని చదివి మాట్లాడగల మనిషిని తయారు చేయడం మరొక పని. రెండవది లేకపోతే మొదటిది సగమే.

పాఠకుల మాట వింటే రచయిత స్వేచ్ఛ పోతుందన్న ఆక్షేపణ ఉంది. అది తీసిపారేయదగినది కాదు. కులాహంకారాన్నో, స్త్రీలపై పెత్తనాన్నో ప్రశ్నించిన రచన కొందరిని తప్పక నొప్పిస్తుంది. నొప్పి కలిగినంత మాత్రాన రచన అబద్ధం కాదు. కాబట్టి నొచ్చుకున్నవారు అనుభవించిన బాధ నుంచి మాట్లాడుతున్నారో, కోల్పోతున్న ఆధిక్యం నుంచి మాట్లాడుతున్నారో రచయిత వివేచించాలి. పాఠకాభిప్రాయం సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు. సాక్ష్యాన్ని వినడం రచయిత విధి. విన్న తరువాత ఏమి చేయాలన్నది అతని స్వేచ్ఛ. వినకుండానే స్వేచ్ఛను ప్రకటించుకోవడం బాధ్యత నుంచి తప్పుకోవడమే.

ముగింపు

పాఠకాభిప్రాయం రచయితకు ప్రోత్సాహాన్నిస్తుంది, లోపాన్ని చూపుతుంది. అంతకుమించి, తాను ఎవరి గురించి రాశాడో వారికి జవాబు చెప్పుకొనే అవకాశాన్నిస్తుంది. చదవగలిగినవారు ఆ అవకాశాన్ని తామే కల్పిస్తారు. చదవలేనివారి దగ్గరకు రచయితే వెళ్లాలి. సుగ్గి నుంచి తిరిగివచ్చినవారు రచ్చకట్ట మీద కూర్చున్నప్పుడు వారి కథను వారికే చదివి వినిపించడం కష్టమైన పని కాదు. వారు ఎక్కడ ఊ కొట్టారో, ఎక్కడ మానారో గమనిస్తే ఆ రచనకు అవసరమైన తొలి సమీక్ష లభిస్తుంది.